తల్లినే జరపాలె

నాంపల్లి స్టేషన్ వెనక, రైల్వే గోడకు ఆనుకుని ఒక గల్లీ ఉంది. చలికాలం వచ్చిందంటే ఆ గల్లీ ఆడవాళ్లకు ఒకటే దిగులు, పెరుగు తోడుకోదు. తోడు వేసిన పాలు ఎప్పుడు మూత తీసి చూసినా పాలుగానే ఉంటాయి. అందుకని బెత్సీ దొడ్లో పంది పిల్లలకు ఎప్పుడు పాలు మాన్పిస్తారా అని అందరూ వాకబు చేస్తుండేవాళ్లు. మాన్పించిన మర్నాడు పొద్దున ఏడయ్యేసరికి ఆమె వాకిట్లో గిన్నెలు బారులు తీరేవి. స్టీలువి, ఇత్తడివి, మూత దొరక్క సాసరు బోర్లించినవి.

సంగతేమిటంటే, ఆ దొడ్లో తల్లి పంది పడుకున్న గోనెపట్ట, తల్లిని అక్కడినుంచి తీసేశాక కూడా తొమ్మిది రోజులు వెచ్చగా ఉంటుంది. తల్లి ఒంటి వేడి ఎంతో అంతే, ఎక్కువా కాదు తక్కువా కాదు. పిల్లలు దాని మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకుంటాయి. కటకటాల ఇవతలికి వచ్చిన అంచు మీద ఇటుకలు పరిచి గల్లీ వాళ్ల గిన్నెలు పెడతారు. మధ్యాహ్నానికల్లా పెరుగు గట్టిగా తోడుకుంటుంది. పందుల పక్కన పెట్టిన పెరుగా అని ఒకప్పుడు ముక్కు చిట్లించిన నాగరత్నంగారు, వాళ్లది గుంటూరు నుంచి వచ్చి మూడు తరాలైన ఇల్లు, ఇప్పుడు అందరికంటే పెద్ద గిన్నె పంపుతారు. పదో రోజుకు పట్ట చల్లారుతుంది. అప్పటికి పిల్లలు మేతకు అలవాటు పడి ఉంటాయి.

ఈ సంగతి తెలియనివాడు ఆ డిసెంబరులో గల్లీ మొత్తానికి ఒక్కడే. బెత్సీ అన్న ఆనంద్ పాల్.

ఆనంద్ పాల్ మెదక్‌లో ఒక బడి ఆఫీసులో గుమాస్తా. నలభై ఏడేళ్లు వచ్చాయి, పెళ్లి చేసుకోలేదు. చొక్కాకు ఇస్త్రీ లేకపోతే గడప దాటడు. మనిషి ఐదడుగులకు ఒక అంగుళం తక్కువే. అలాంటి మనిషి సెలవు పెట్టి వచ్చి, పొద్దున్నే ట్రాలీ ఆటోలో అబిడ్స్ పోయి, పోస్టాఫీసు పక్క సందులో వెంకటనర్సయ్య టిఫిన్ సెంటర్లో మిగిలిన అన్నం, ఇడ్లీలు డబ్బాలకెత్తుకుని, మొజంజాహీ మార్కెట్లో మెత్తబడ్డ అరటిపండ్లు ఏరుకుని, ఇంటికొచ్చి అంతా పెద్ద డేగిసాలో ఉడకబెడుతున్నాడు. ఉడకని మెతుకు ఒక్కటి కూడా దొడ్లోకి పోగూడదని బెత్సీ ఆజ్ఞ. పెద్ద పందులకు అదీ మేత. పిల్లలకు వేరే జావ: మక్కజొన్న పిండి, గౌలిగూడ నుంచి తెచ్చిన సోయాపిండి, గుప్పెడు చేపపొడి, బెల్లం, మజ్జిగ.

ఎందుకు చేస్తున్నాడంటే, బెత్సీకి చేతకావడం లేదు. ఆమె భర్త డెన్నిస్ పోయి నాలుగేళ్లయింది. ఈ దొడ్డి అతను పెట్టిందే. తర్వాత ఆమె ఒక్కతే నడుపుకొచ్చింది, ఐదడుగుల ఆరంగుళాల మనిషి, తల్లి పందిని భుజంతో నెట్టగలిగిన మనిషి. ఇప్పుడు కడుపులో గడ్డ. ఇక మందులు నొప్పికే తప్ప జబ్బుకు పనిచేయవని డాక్టరు దీపావళికి ముందే చెప్పేశాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆమె ఇది చెయ్యి, అది చెయ్యి అని చెబుతుంటే ఆనంద్ పాల్ ప్యాంటు మడిచి చేస్తుంటాడు. ఒక్కతే కూతురు జెర్లిన్, ఎనిమిదేళ్లది, బడికి పోయే ముందు మామ చేసిన జావలో వేలు ముంచి చూసి, "బెల్లం తక్కువైంది మామా" అని తీర్పు చెప్పి పోతుంది.

ఆనంద్ పాల్ సంచిలో ఒక ఫారం ఉంది. మెదక్‌లో అతని బడికి పక్కనే ఆడపిల్లల బోర్డింగు. జెర్లిన్‌ను ఏడాది మధ్యలోనే తీసుకుంటామన్నారు. తల్లి పోయేది చూడకముందే పిల్ల అక్కడ అలవాటు పడితే మంచిదని అతని ఆలోచన. చెల్లెలికి ఎట్లా చెప్పాలో తెలియక ఆ ఫారాన్ని బట్టల అడుగున పెట్టుకుని తిరుగుతున్నాడు.

డిసెంబరు మధ్యలో బెత్సీ వారం రోజులు దవాఖానలో ఉండాల్సి వచ్చింది. పోతూ పోతూ, "మంగళారంనాడు నల్లదాని పిల్లలకు పాలు మాన్పియ్యాలె అన్నా. నలభై ఐదు రోజులైనయ్. తల్లిని పిల్లలను ఎడబాపు" అని చెప్పి ఆటో ఎక్కింది. ఎట్లా ఎడబాపాలో ఆమె చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని ఆమెకు తోచలేదు.

ఆనంద్ పాల్ మనసు పెట్టి చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. తల్లి పంది నూటయాభై కిలోలు, నెట్టినా కదల్లేదు. పిల్లలైతే ఒక్కోటి ఎనిమిది కిలోలు, చంకలో ఇముడుతుంది. దొడ్డి చివర ఖాళీగా ఉన్న సిమెంటు గదిని ఫినాయిల్ పోసి మూడుసార్లు కడిగాడు. తొమ్మిది పిల్లలనూ మోసుకుపోయి అందులో వేశాడు. కొత్త తొట్టిలో జావ పోశాడు. ఆ తర్వాత గోనెపట్ట వాసన భరించలేక దాన్ని కూడా లాగి, సబ్బు పెట్టి ఉతికి, గోడ మీద ఆరేశాడు. మర్నాడు గిన్నెతో వచ్చిన కిష్టవ్వ, పక్కింటి ముసలామె, ఆరేసిన పట్టను చూసి గిన్నె వాపసు పట్టుకుపోయింది.

పిల్లలు జావ ముట్టలేదు. మూలన ఒకదాని మీద ఒకటి ఎక్కి వణికాయి. రెండో రోజు ఆకలికి తట్టుకోలేక ఒక్కసారిగా మీదపడి తిన్నాయి, సాయంత్రానికి పారుకున్నాయి. మూడో రోజు ఒకటి పోయింది. బెత్సీ తిరిగొచ్చేసరికి మూడు పోయి ఆరు మిగిలాయి. ఆ ఆరింటిని బియ్యం సంచిలో పెట్టి వేలాడే కాంటాకు తగిలిస్తే, ఎనిమిది కిలోలది ఆరున్నర తూగింది.

బెత్సీ కుర్చీలో కూర్చుని చాలాసేపు గోడ మీద పట్టను చూసింది.

"ఎవరిని జరిపినవన్నా?"

"పిల్లలను. గది మంచిగ కడిగిన. తల్లి కదల్లే."

"తల్లినే జరపాలె" అంది బెత్సీ. కోపం లేదు, గొంతులో అలసట ఉంది. "పిల్లలను ఉన్న జాగల ఉంచాలె. పాలు పోతయ్, తల్లి పోతది, మేత మారుతది. గిన్ని ఒక్కపారే పోయినంక కడుపు ఎట్ల తట్టుకుంటదన్నా. ఏదో ఒక్కటన్న మిగలాలె గద. జాగ మిగలాలె. వాసన మిగలాలె."

ఆనంద్ పాల్ లేచి, చచ్చిన మూడింటినీ తానే తీసుకుపోయి పాతిపెట్టి వచ్చి, చేతులు కడుక్కుంటూ అట్లాగే కుళాయి దగ్గర నిలబడిపోయాడు. నీళ్లు పోతూనే ఉన్నాయి. చివరికి జెర్లిన్ వచ్చి కుళాయి కట్టేసింది.

అతనికి ఎనిమిదేళ్లప్పుడు వాళ్లమ్మ పోయింది. బెత్సీ అప్పటికి ఏడాది పిల్ల. సమాధి అయిన మూడో రోజు నాన్న అతన్ని ట్రంకుపెట్టెతో సహా బోర్డింగులో దించి వచ్చాడు. బెత్సీ మాత్రం పెద్దమ్మ చేతుల్లో, అదే ఇంట్లో, అమ్మ బొంత మీదే పెరిగింది. బోర్డింగులో చేరిన ఏడు కుట్టించిన నిక్కరు ఆనంద్ పాల్‌కు నాలుగేళ్లు సరిపోయింది. వార్డెను ఏటా గోడకు నిలబెట్టి గీత గీసేవాడు, గీత మీద గీత పడేది. తిండి తక్కువై కాదు. అన్నం పెట్టేవాళ్లు, గుడ్డు కూడా పెట్టేవాళ్లు. ఆ సంగతి ఎవరితోనైనా అన్నాడా అంటే, ఎవరితోనూ అనలేదు. ఆ రోజు అన్నాడు.

"నువ్వు పొడుగైనవ్. నేను గిట్లనే ఉన్న" అన్నాడు. చెల్లెలి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కాతో, ఆ బురదలో. తర్వాత సంచిలోంచి ఫారం తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

బెత్సీ మొత్తం చదివింది. మడిచి వెనక్కిచ్చింది.

"నాకు ఆడపిల్లను పెంచుడు వస్తదా బెత్సీ? జడ అల్లుడే రాదు" అన్నాడు ఆనంద్ పాల్. భయం భయంగా ఉంది అతని ముఖం, నిజంగానే భయం.

"ఫారం సంచిలనే ఉండనియ్. ముందుగాల జడ నేర్చుకో."

ఆ మర్నాడే మొదలుపెట్టింది బెత్సీ. పొద్దున జెర్లిన్‌ను తన రెండు మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, అన్నను వెనక కూర్చోమని, అతని చేతికి దువ్వెన ఇచ్చింది. మొదటి వారం జడలు తాళ్లలా వంకరపోయాయి. జెర్లిన్ అలాగే బడికి పోయింది. అన్నం కూడా అంతే. మొదట తల్లి ఒళ్లో కూర్చుని మామ చేత్తో నాలుగు ముద్దలు. ఆ తర్వాత తల్లి పక్కన కూర్చుని కంచంలో సగం. క్రిస్మస్ దాటాక బెత్సీ కుర్చీ గడప అవతలికి జరిగింది, కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది, చెయ్యి మాత్రం అందదు. పడక ఒక్కటే మార్చలేదు. తల్లీ కూతుళ్లు ముందుగదిలో కిటికీ కింద పాత బొంత మీదే పడుకునేవాళ్లు.

పందులు పెంచే ఇంట్లో పుట్టిన పిల్లకు ఇది తెలియకుండా ఉంటుందా. ఒక మధ్యాహ్నం, నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలైన రోజులవి, మైదానం మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చెబుతున్నారు. జెర్లిన్ కంచంలో వేలు ఆపి గడప అవతలున్న తల్లిని చూసింది.

"అమ్మా, నన్ను పాలు మాన్పిస్తున్నవా?"

ఆనంద్ పాల్ చేతిలో ముద్ద ఆగిపోయింది. బెత్సీ కాదనొచ్చు. ఎవరైనా అయితే కాదనే అంటారు. ఆమె ఎన్నడూ ఆ పిల్లకు అబద్ధం చెప్పలేదు.

"ఔ బిడ్డా" అంది.

"ఎన్ని దినాలున్నయ్?"

"తెల్లదాని పిల్లలకు పదారు దినాలున్నయ్. నీకు ఇంకో వారం ఎక్కువ పెట్టుకున్న."

జెర్లిన్ కాసేపు కంచం వైపు చూసింది. తర్వాత మామ చేతిలో ముద్ద తీసుకుని తనే తినేసింది. ఆనంద్ పాల్ లేచి దొడ్లోకి పోయి, తెల్లదాని వీపు మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చాడు. తెల్లది మేస్తూనే ఉంది.

ఆ పదహారు రోజుల్లో బెత్సీ అన్నకు అన్నీ నేర్పింది. తల్లిని తీసే ముందురోజు దాని మేత సగానికి తగ్గించాలి, పాలు వాటంతట అవే తగ్గుతాయి. పిల్లలకు జావ పుట్టిన పది రోజుల నాడే తల్లి ఉండగానే అలవాటు చేసి ఉండాలి, చిటికెడంత, రోజుకు ఐదారుసార్లు. తల్లి పోయాక రెండు రోజులు కొత్త మేత ఏదీ పెట్టకూడదు, ఎంత ఆకలన్నా పొట్ట నిండా పెట్టకూడదు. ఆదివారం ఆదివారం చర్చి నుంచి రాగానే తూచాలి. అన్నిటికంటే ముఖ్యమైంది గేటు దగ్గర చెప్పింది.

"తవుడు గిన్నె పట్టుకొని ముంగట నువ్వు నడువు, అదే వస్తది. ఎన్కకు మర్లి చూడనియ్యకు. తల్లి ఎన్కకు చూస్తే పిల్లలు గోడ దుంకుతయ్."

సోమవారం పొద్దున ఆనంద్ పాల్ తెల్లదాన్ని నడిపించాడు. అది తవుడు వాసన పట్టుకుని గునగునా వచ్చి, దొడ్డి చివరి సిమెంటు గదిలోకి పోయింది. పది పిల్లలు ఉన్నచోటే ఉన్నాయి. కాసేపు అరిచి, గోనెపట్ట మీద గుంపుగా పడుకున్నాయి. మర్నాడు వాకిట్లో గిన్నెలు బారులు తీరాయి. పాపం, ఆ రోజు ఆనంద్ పాల్ ఒక్కో గిన్నెనూ రెండు చేతులతో అందుకుని ఇటుకల మీద సర్దాడు. చెయ్యి చాచి పట్ట అంచును తాకాడు. వెచ్చగా ఉంది. ఆ ఆదివారం కాంటాకు తగిలిస్తే పదింటిలో ఒక్కటి కూడా తగ్గలేదు.

మరుసటి సోమవారం బెత్సీ పోయింది. ఊరి అవతల, చివరి రోజుల రోగులను చూసుకునే ఇల్లు ఒకటుంది. అక్కడికి తనే మాట్లాడుకుంది. తన గుడ్డలు నాలుగు సంచిలో పెట్టుకుంది. బొంత మడవలేదు. ఆటో గల్లీ మొదట్లో ఆగింది. ఇంట్లోంచి బయల్దేరే ముందు జెర్లిన్‌ను బియ్యం సంచిలో కూర్చోబెట్టి కాంటాకు తగిలించమంది. ఆనంద్ పాల్ తగిలించాడు. ముల్లు ఊగి ఊగి నిలబడింది.

"ఇరవై ఒకటి నాలుగొందలు" అంది జెర్లిన్, సంచిలోంచే తల పైకెత్తి చదివి.

"గది తగ్గొద్దు" అంది బెత్సీ. పిల్ల తలను రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. "ఆదివారం ఫోన్ చేసి చెప్పు. పిల్లలది చెప్పు, నీది చెప్పు."

"నేను ఆటోదాక వస్త."

"వద్దు. నువ్వు ఈడనే ఉండాలె."

గోడ పట్టుకుని గల్లీలో నడిచింది బెత్సీ. ముప్పై అడుగుల దూరం ఉంటుందేమో, మధ్యలో రెండుసార్లు ఆగింది. కిష్టవ్వ ఆమె సంచి పట్టుకుని వెంట నడిచింది. గల్లీ జనమంతా తలుపుల్లో నిలబడ్డారు. ఆటో ఎక్కేటప్పుడు బెత్సీ మెడ ఒక్కసారి ఇటు తిరగబోయింది. ఆనంద్ పాల్ చూశాడు ఆ కదలికను. చేత్తో గట్టిగా ఆటో రాడ్డు పట్టుకుని, ముందుకే చూస్తూ కూర్చుంది. ఆటో పోయింది. జెర్లిన్ గడప లోపలే నిలబడి ఉంది, గోడ దుంకలేదు.

ఆదివారం ఫోన్ చేశారు. జెర్లిన్ కాగితం చూసి ఒక్కో నంబరు పిల్ల బరువూ చదివింది. అవతల బెత్సీ గొంతు సన్నగా వస్తోంది. "ఆరో నంబరుదానికి అరటిపండు తగ్గియ్యమను మామను, పారుతది."

"చెప్త. అమ్మా, నాది గూడ ఇరవై ఒకటి నాలుగొందలే."

అవతలి నుంచి ఊపిరి వినిపించింది.

"తగ్గలే?" అంది బెత్సీ.

"తగ్గలే."

"మంచిదైంది బిడ్డా. మంచిదైంది." అంతే, మళ్లీ మళ్లీ అదే మాట అంది.

గురువారం పొద్దున ఆ ఇంటివాళ్లు ఫోన్ చేశారు. పదకొండో రోజు అది. నారాయణగూడ సమాధుల తోటలో డెన్నిస్ పక్కనే చోటు దొరికింది. మెదక్ నుంచి బంధువులు వ్యాను మాట్లాడుకుని వచ్చారు. వాళ్లలో పెద్దది సౌభాగ్య, పెద్దమ్మ కూతురు. బెత్సీని ఎత్తుకు పెంచింది ఆ పెద్దమ్మే గనక బెత్సీకి ఆమె సొంత అక్క కిందే లెక్క. మంచిది, గొంతు మాత్రం పెద్దది.

మూడో రోజు సమాధి దగ్గర ప్రార్థన చేసి వచ్చారు. ఆ రోజే పోయినవాళ్ల పడక ఇంట్లోంచి తీసేయడం వాళ్లలో ఆనవాయితీ. సౌభాగ్య చీరకొంగు నడుముకు దోపుకుని పని అందుకుంది. బెత్సీ చీరలు ఒక మూట కట్టింది, మందులు ఒక సంచిలో వేసింది. వ్యాను గల్లీ మొదట్లో నిలబడి ఉంది. జెర్లిన్ బట్టలు, పుస్తకాలు అప్పటికే అందులో ఎక్కించారు. బోర్డింగు ఫారం మీద ఆనంద్ పాల్ సంతకం పెట్టేశాడు. ఎందుకు పెట్టావయ్యా అంటే ఏం చెబుతాడు. ఇంట్లో ఇంత మంది, అందరూ అదే మంచిదంటున్నారు. జడలైతే వచ్చాయి గానీ ధైర్యం ఇంకా రాలేదు. అదీ గాక, పందులకు తొమ్మిది రోజులు. బెత్సీ ఈ గడప దాటి పద్నాలుగు రోజులైంది. ఇక ఆ జాగాలో పిల్లకు మిగిలింది ఏముందని అతను లోలోపల అనుకున్నాడు. తాకి చూడటానికి మాత్రం మనసొప్పలేదు. చల్లగా ఉంటే ఎట్లా అని అతని భయం.

జెర్లిన్ బొంత మీద కూర్చుని ఉంది, రెండు కాళ్లూ దగ్గరికి ముడుచుకుని.

"లే బిడ్డా. ఈ బొంత తీసెయ్యాలె. అమ్మ పడుకున్నది, ఉంచొద్దు" అంది సౌభాగ్య. పిల్ల లేవలేదు. సౌభాగ్య వంగి బొంత ఒక మూల పట్టుకుంది.

ఆ మూల పక్కన, కిటికీ గోడకు ఆనించి, ఒక ఇత్తడి గిన్నె ఉంది. దాని మీద సాసరు బోర్లించి ఉంది. ఆనంద్ పాల్ చూపు దాని మీద పడింది. ముందుకు వచ్చి సాసరు తీశాడు. గిన్నెలో పెరుగు, కత్తితో కోస్తే ముక్కలయ్యేటట్టు తోడుకుని ఉంది. బయట ఒకటే చలి, గల్లీలో ఏ ఇంట్లోనూ వారం నుంచి పెరుగు లేదు.

గడపలో కిష్టవ్వ నిలబడి ఉంది. "మీరు సమాధికాడికి పోయినప్పుడు పెట్టిన కొడుకా. ఏమనుకోకు. దొడ్ల పట్ట చల్లారిపోయిండె" అంది.

ఆనంద్ పాల్ మోకాళ్ల మీద కూర్చుని బొంత మీద అరచెయ్యి పెట్టాడు. అతనికి గుర్తుంది ఆ వేడి. ముప్పై తొమ్మిదేళ్ల కింద ట్రంకుపెట్టె ఎత్తుకుని గడప దాటుతున్నప్పుడు, ఏడాది పిల్ల బెత్సీ పడుకున్న బొంత మీద ఇట్లాగే చెయ్యి పెట్టాడు. నాన్న పిలుస్తున్నాడని తీసేశాడు.

"అక్కా, జరపకు" అన్నాడు.

"ఏందిరా ఆనందూ, వ్యానొచ్చి నిలబడ్డది. అందరం అనుకున్నదే గద."

"వ్యాన్ల మీరు పోన్రి. పిల్ల ఈడనే ఉంటది. నేను ఈడనే ఉంట. తల్లి జరిగింది, చాలు. ఇంకెవ్వరిని జరపొద్దు."

అంత పొడుగు మాట అతను ఎవరి ముందూ అనలేదు ఎప్పుడూ. సౌభాగ్య ఏదో అనబోయి, అతని చెయ్యి ఉన్నచోట తన చెయ్యి పెట్టింది. మెల్లగా ఆ అంచు మీదే చతికిలబడి, "నా చెల్లె" అని ఏడ్చింది. అప్పటిదాకా ఏడవని జెర్లిన్ కూడా అప్పుడు ఏడ్చింది. వెళ్లే ముందు సౌభాగ్య ఫారం పట్టుకుని, దీన్నేం చెయ్యాలని అడిగింది. వాపసు ఇచ్చేయమన్నాడు, ఆ సీటు ఇంకో పిల్లకు పనికొస్తుందని. పుస్తకాలు, బట్టలు వ్యానులోంచి మళ్లీ లోపలికి వచ్చాయి.

ఆనంద్ పాల్ మెదక్ ఉద్యోగం వదిలేశాడు. పదిహేడేళ్ల ఉద్యోగం, రెండు వాక్యాల కాగితంతో పోయింది. దొడ్లో ఆ ఎండాకాలం రెండు ఈతల పిల్లలను తల్లుల నుంచి విడదీశాడు, ఒక్క పిల్లా తగ్గలేదు. వేరే ఊళ్ల నుంచి పందులు పెంచేవాళ్లు వచ్చి మేతలో ఏం కలుపుతున్నావని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. మక్కపిండి రాసుకునేవాళ్లు, చేపపొడి రాసుకునేవాళ్లు, తల్లిని జరపాలి అనే మాట రాసుకోకుండా పోయేవాళ్లు. జెర్లిన్ బొంతకు ఒక వైపు పడుకునేది, రెండో వైపు అంచు మీద చాప వేసుకుని అతను. జూన్‌లో బడి తెరిచేముందు జెర్లిన్ మార్చి నెలలో గీసుకున్న గీతల పక్కన తలుపు చెక్కకు కొత్త గీత గీసింది, తనకొకటి, మామకొకటి. తనది రెండు వేళ్లు పెరిగింది. మామది కూడా వేలెడు పెరిగింది. "సరిగ నిలబడు మామా" అని మళ్లీ కొలిచింది. అంతే ఉంది. అబిడ్స్‌లో ప్యాంట్లు కుట్టే అతను ఏమీ అడక్కుండా కింద అంచు విప్పి పొడుగు చేసి ఇచ్చాడు.

ఆగస్టులో ముసురు పట్టింది. నాలుగు రోజులు ఆగకుండా వాన. అయిదో రోజు పొద్దున కిష్టవ్వ ముందుగదిలోకి వచ్చి, కిటికీ కింద రాత్రి పెట్టిపోయిన తన గిన్నె మీద సాసరు తీసి, అట్లాగే చూస్తూ నిలబడింది. పాలు పాలుగానే ఉన్నాయి.

ఆనంద్ పాల్ పొయ్యి దగ్గర నుంచి చూశాడు. చేతిలో గరిటె ఉంది. జెర్లిన్ ఉప్మా తింటోంది, యూనిఫాంలో, రెండు జడలూ సమంగా ఉన్నాయి. పిల్ల కిష్టవ్వ ముఖం చూసింది, గిన్నె చూసింది. కంచం కింద పెట్టి వచ్చి బొంత మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు ఉంచింది.

"మామా, అమ్మ పోయిందా?"

"ఔ బిడ్డా" అన్నాడు ఆనంద్ పాల్. "ఇయ్యాల పోయింది."

జెర్లిన్ తలూపింది. వెనక్కి పోయి కంచం ఒళ్లో పెట్టుకుంది. కళ్లనుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. ఒక్కో ముద్దా తిని కంచం ఖాళీ చేసింది. తర్వాత, ఆ రోజు ఆదివారం కాకపోయినా, సంచి తెచ్చి కాంటాకు తగిలించమంది. ఇరవై నాలుగు కిలోలు తూగింది. ఆ అంకె కాగితం మీద రాసి తేదీ వేసింది.

కిష్టవ్వ తోడు వేయని పాలు కొన్ని ఇంటి నుంచి తెచ్చి చాయ్ పెట్టింది. ముగ్గురూ గడపలో కూర్చుని వాన చూస్తూ తాగారు. చాయ్ అయిపోయాక జెర్లిన్ లేచి బొంతను తనే మడిచి, వాన తగ్గితే ఉతుకుదామని మామ చేతికిచ్చింది.